పనికి లెక్క, మనిషికి నమ్మకం

గత నెలలో ఒక వివాహ సందర్భంగా మేము గుంటూరులో బంధువుల ఇంట రెండు రోజులు బస చేశాం. ఆ ఇంటి కోడలు హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తుంది. పెళ్లి పనుల సందడి మధ్య ఆమె వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకొని కొత్తిమీర తరుగుతూ, ప్రతి నాలుగైదు నిమిషాలకు చేయి తుడుచుకొని మౌసును కాస్త కదిలించి, మళ్లీ తరగడం మా కంటబడింది.

“ఏం పని జరుగుతోంది బేటీ అందులో?” అని దాదీమా అడిగారు.

“ఏమీ లేదు దాదీమా, ఇప్పుడు భోజన విరామమే. కానీ కదిలించకపోతే నా పేరు పక్కనున్న పచ్చ చుక్క పసుపు రంగులోకి మారుతుంది. మారితే మా లీడుకు కనిపిస్తుంది” అని ఆమె జవాబిచ్చింది.

దాదీమా కొంతసేపు ఆ తెర వైపు చూసి, “పని అయిందో లేదో చూడరా? చుక్కనే చూస్తారా?” అన్నారు.

చదువు అంతగా లేని ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు సమాధానం కోసం సాఫ్ట్‌వేర్ ప్రపంచం కొన్ని దశాబ్దాలుగా వెతుకుతూనే ఉంది. నేడు మన ఇళ్లలో ఎందరో బిడ్డలు ఈ కొలువుల్లో ఉన్నారు. వారు రాత్రి ఎనిమిదింటికి కూడా తలుపు వేసుకొని ఎవరితో ఏమి మాట్లాడుతున్నారో, నెల తిరిగేసరికి జీతం అందుతున్నా ముఖాన నవ్వు ఎందుకు లేదో తల్లిదండ్రులకు అంతుపట్టడం లేదు. అందుచేత ఈ నెల ఈ శీర్షికలో ఆ విషయాన్నే తీసుకుంటున్నాం. పనికి లెక్క ఎంతవరకు ఉండాలి? పనిచేసే మనిషికి స్వేచ్ఛ ఎంతవరకు ఇవ్వాలి?

ఒక వైపు బాధ

ఆ రాత్రి అందరూ నిద్రపోయాక ఆ అమ్మాయి తన గోడు మా ముందు వెళ్లబోసుకుంది. ఆమెకు నాలుగేళ్ల అనుభవం ఉంది. ఉదయం పది గంటలకు స్టాండప్ సమావేశం. అందులో నిన్న ఏమి చేశావు, నేడు ఏమి చేస్తావు అని వరుసగా అందరూ చెప్పాలి. అది ముగియగానే అదే సంగతిని బోర్డు మీద టిక్కెట్లలో రాయాలి. సాయంత్రం దానినే గంటల చొప్పున టైమ్‌షీటులో నింపాలి. ఆపై రోజువారీ నివేదిక మెయిలు. న్యూయార్కులో ఉదయం తొమ్మిదిన్నర అయితే మనకు వేసవిలో రాత్రి ఏడు, శీతకాలంలో ఎనిమిది. కనుక క్లయింటుతో సమావేశం ఆ వేళకే. అక్కడ కూడా అదే పాఠం మరొకసారి అప్పజెప్పాలి.

“ఒక పని చేసి నాలుగు సార్లు చెప్పడం కష్టమే. అయినా అది కూడా భరించగలను” అన్నది ఆమె. “నన్ను బాధిస్తున్నది వేరొకటి. మా సాఫ్ట్‌వేర్‌లో పాత లోపం ఒకటి ఉంది. నెలకు ఒకటి రెండు సార్లు బయటపడుతుంది, మళ్లీ మాయమవుతుంది. దాని మూలం ఎక్కడో నేను పట్టుకోగలనని నా నమ్మకం. రెండు రోజులు కూర్చుని చదివాను, ఆలోచించాను. బోర్డు మీద నా టిక్కెట్టు కదలలేదు. మూడో రోజు అందరి ముందు, ‘ఎందుకు కదలలేదు?’ అని అడిగారు. అప్పటి నుంచి నేను ఆ లోపం జోలికి పోవడం లేదు. పూటకొకటి చొప్పున ముగిసిపోయే చిన్న టిక్కెట్లే ఎంచుకుంటున్నాను. నా లెక్క అందరికంటే బాగుంది. మొన్న మెచ్చుకున్నారు కూడా. కానీ నేను చేయవలసిన పని చేయడం లేదని నాకు తెలుసు.”

అందుకే రాజీనామా ఇవ్వాలని ఆలోచిస్తున్నదట. భర్తకు ఇంకా చెప్పలేదు. ఆ ఇంటి అప్పు వాయిదాలో సగం ఆమె జీతం నుంచే వెళుతుంది.

మరో వైపు భారం

ఒక పక్షం మాట మాత్రమే విని తీర్పు చెప్పడం న్యాయం కాదు. గచ్చిబౌలిలోని వేరొక సంస్థలో తొమ్మిది మందికి లీడుగా ఉన్న మా పరిచయస్తునితో మేము ఈ సంగతి ప్రస్తావించాం. ఆయన నిట్టూర్చి ఇలా అన్నారు:

“భాయ్‌సాబ్, లీడు కాకముందు నేనూ ఆ అమ్మాయిలాగే అనుకునేవాణ్ణి. లీడైన కొత్తలో ఎవరినీ ఏమీ అడగకూడదని నిర్ణయించుకున్నాను. మా దగ్గర చురుకైన కుర్రవాడు ఒకడుండేవాడు. మూడు వారాల పనిని అతనికి అప్పగించాను. ఎప్పుడు పలకరించినా ‘అవుతోంది అన్నా’ అనేవాడు. గడువుకు రెండు రోజుల ముందు తెరిచి చూస్తే, నాలుగో రోజునే ఒకచోట చిక్కుకుపోయాడని తెలిసింది. అడగడానికి సిగ్గుపడ్డాడు. రాత్రుళ్లు మేలుకొని ఒంటరిగా తంటాలు పడ్డాడు. రిలీజు ఆగిపోయింది. అతని పని కోసం ఎదురుచూస్తూ ఇద్దరు టెస్టర్లు ఖాళీగా కూర్చున్నారు. క్లయింటు ముందు నేను తలదించుకున్నాను. కుర్రవాడు జ్వరపడ్డాడు. అతనికి స్వేచ్ఛ ఇచ్చాననుకున్నాను. తీరా చూస్తే దిక్కులేకుండా వదిలేశాను.”

ఈ మాటలోని సత్యాన్ని కూడా మనం గ్రహించాలి. తాపీమేస్త్రీ పనిచేస్తే సాయంత్రానికి గోడ ఎంత లేచిందో దారిన పోయేవారికి సైతం కనిపిస్తుంది. దర్జీ చేతిలో కుర్తా ఎంతవరకు వచ్చిందో చూపు ఆనితే చాలు. సాఫ్ట్‌వేర్‌కు ఆ సౌలభ్యం లేదు. పది మంది కలిసి కడుతున్న కనిపించని భవనమది. ఒకరు తలుపు పెట్టకపోతే మరొకరు గడియ బిగించలేరు. ఎవరు ఎక్కడ ఉన్నారో రాసి పెట్టుకోకపోతే ఒకే పనిని ఇద్దరు చేస్తారు, అవసరమైన పనిని ఎవరూ చేయరు. ఒకరు జబ్బుపడితే మరొకరు ఎక్కడి నుంచి అందుకోవాలో తెలియదు.

దీనికి తోడు మన దేశంలోని సేవా సంస్థలు చాలావరకు విదేశీ క్లయింటుకు గంటల లెక్కన బిల్లు వేస్తాయి. అటువంటి చోట టైమ్‌షీటు అనేది లీడు సరదా కోసం పుట్టినది కాదు. బిల్లుకు ఆధారమే అది. కాబట్టి ‘లెక్కే వద్దు’ అనడం తేలిక. దానితో ఎవరి కష్టమూ తీరదు.

లెక్కలకు ఉన్న చరిత్ర

పనిని కొలిచే ఆలోచన కంప్యూటర్లతో మొదలుకాలేదు. అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ టేలర్ ఉక్కు కర్మాగారాల్లో స్టాప్‌వాచీ పట్టుకొని శ్రామికుల ఒక్కొక్క కదలికను కొలిచారు. 1911లో తన సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రచురించారు. ఆలోచించే బాధ్యత యాజమాన్యానిది, చెప్పినట్లు చేసే బాధ్యత శ్రామికునిది అన్నది ఆ విధానంలోని సారాంశం. ఇనుప దిమ్మెలు మోసే పనిలో అది ఉత్పత్తిని పెంచింది. కానీ శ్రామికుల్లో అసంతృప్తినీ అంతే పెంచింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులోని టొయోటా కర్మాగారంలో తాయిచీ ఓనో మరొక మార్గం చూపారు. అమెరికాలోని సూపర్ మార్కెట్లలో అరలు ఖాళీ అయిన మేరకే సరుకు నింపే పద్ధతి ఆయనను ఆకర్షించింది. అదే రీతిలో ఏ విడిభాగం ఎప్పుడు ఎంత కావాలో తెలిపే చీటీలను ఆయన ప్రవేశపెట్టారు. వాటినే ‘కాన్‌బాన్’ అంటారు. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఆ చీటీ సరుకును అనుసరించి తిరిగేది, మనిషి వెంటపడేది కాదు. పైగా లోపం కనిపించిన వెంటనే తాడు లాగి మొత్తం ఉత్పత్తి వరుసనే ఆపించే అధికారం అక్కడి సామాన్య శ్రామికునికి ఉండేది. లెక్కా ఉంది, నమ్మకమూ ఉంది. నేడు సాఫ్ట్‌వేర్ బృందాలు వాడుతున్న బోర్డులకు ఆ చీటీలే మూలం.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ‘అజైల్’ ప్రకటనను వెలువరించారు. బండెడు పత్రాలతో, కఠినమైన ప్రణాళికలతో విసిగిన వారు వారంతా. ఉత్సాహం గల వారికి పని అప్పగించి, అవసరమైన వసతి కల్పించి, వారు చేయగలరని విశ్వసించాలన్నది వారు చెప్పిన 12 సూత్రాలలో ఒకటి. మన బిడ్డలు ప్రతి ఉదయం హాజరయ్యే స్టాండప్ కూడా ఈ సంప్రదాయంలోనిదే. ‘స్క్రమ్’ అనే పద్ధతి ప్రకారం అది 15 నిమిషాలకు మించరాదు. పనిచేసేవారు తమలో తాము సమన్వయం చేసుకోవడానికే అది ఉద్దేశించబడింది, లీడుకు హాజరు చెప్పుకోవడానికి కాదు. నిన్న ఏమి, నేడు ఏమి, అడ్డంకి ఏమి అన్న మూడు ప్రశ్నలను సైతం 2020 నాటి స్క్రమ్ మార్గదర్శి నుంచి తొలగించారు. ఎలా మాట్లాడుకోవాలో బృందమే నిర్ణయించుకోవాలని అందులో ఉంది. అయినా ఎన్నో కార్యాలయాల్లో ఆ మూడు ప్రశ్నలే నేటికీ ఉదయపు హాజరు పట్టీగా నడుస్తున్నాయి.

పనిముట్ల కథ కూడా ఇటువంటిదే. మన పిల్లల నోట తరచుగా వినిపించే ‘జిరా’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ 2002లో తెచ్చింది. జపాను సినిమాలలోని రాకాసి ‘గోజిరా’ పేరు నుంచి ఆ పేరు తీసుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను మరచిపోకుండా నమోదు చేసుకోవడానికే అది పుట్టింది. కాలక్రమంలో అందులో గడులు పెరిగాయి, నివేదికలు పెరిగాయి. లోపాలను వెంబడించవలసిన పనిముట్టుతో అనేక చోట్ల మనుషులను వెంబడించడం మొదలైంది.

కొలత చేసే మోసం

కొలత తప్పు దారి పడితే ఏమవుతుందో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. 1982లో ఆపిల్ సంస్థలో ‘లీసా’ అనే కంప్యూటర్‌ను తయారుచేస్తున్నారు. ఎవరు ఎన్ని వరుసల కోడు రాశారో ప్రతి వారం ఒక పత్రంలో నింపి ఇవ్వాలని మేనేజర్లు ఆదేశించారు. ఆ బృందంలో బిల్ అట్కిన్సన్ అనే మేటి ఇంజనీరు ఉండేవారు. తెర మీద బొమ్మలు గీసే భాగాన్ని ఆయన అప్పుడే తిరగరాశారు. అది మునుపటి కంటే ఎంతో వేగంగా పనిచేయసాగింది. అంతేకాక సుమారు 2000 వరుసల కోడు తగ్గిపోయింది. వారాంతంలో పత్రం వచ్చింది. వరుసల సంఖ్య రాయవలసిన చోట ఆయన ‘మైనస్ 2000’ అని రాశారు. కొన్ని వారాల తరువాత ఆయనను ఆ పత్రం నింపమని అడగడమే మానేశారు. అదే సంస్థలో పనిచేసిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ఈ ఉదంతాన్ని గ్రంథస్థం చేశారు.

ఆలోచించి చూడండి. ఆ పత్రాన్నే ప్రమాణంగా తీసుకొని జీతాలు నిర్ణయించి ఉంటే, ఆ వారం ఆయన అందరికంటే పనికిరానివాడుగా తేలేవాడు. రెండు వరుసల్లో చెప్పవలసినదాన్ని ఇరవై వరుసల్లో సాగదీసినవాడు శ్రేష్ఠుడుగా నిలిచేవాడు.

బ్రిటన్‌కు చెందిన ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పిన మాట నేడు అన్ని రంగాలకూ వర్తిస్తోంది. ఒక కొలతనే లక్ష్యంగా మార్చితే అది మంచి కొలతగా మిగలదన్నది ఆ సూత్రానికి ప్రచారంలో ఉన్న రూపం. టిక్కెట్లను లెక్కిస్తే టిక్కెట్లు ముక్కలవుతాయి. పని పరిమాణాన్ని అంచనా వేయడానికి వాడే ‘స్టోరీ పాయింట్ల’ను లెక్కిస్తే ఆ పాయింట్లు ఉబ్బిపోతాయి. ఆ పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అలా అయితే అందుకు ఇప్పుడు చింతిస్తున్నానని అజైల్ ప్రకటనపై సంతకం చేసిన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశారు. పచ్చ చుక్కను లెక్కిస్తే మౌసు కదులుతుంది. దానంతట అదే మౌసును కదిలించే యంత్రాలు సైతం నేడు అంగట్లో అమ్ముడవుతున్నాయి. పని మాత్రం అంగుళమైనా కదలదు.

టామ్ డిమార్కో అనే నిపుణుడు 1982లో రాసిన గ్రంథంలో, కొలవలేనిదానిని అదుపు చేయలేమని ఘంటాపథంగా చెప్పారు. ఆ మాట ఒక తరం మేనేజర్లకు తారకమంత్రమైంది. 27 ఏళ్ల తరువాత, 2009లో ఆయనే తన మాటను పునఃపరిశీలించుకుంటూ ఒక వ్యాసం రాశారు. పది లక్షల డాలర్ల ఖర్చుతో రెండు ప్రాజెక్టులు ఉన్నాయనుకుందాం. ఒకదాని ద్వారా దక్కే విలువ 11 లక్షలు, రెండవదాని ద్వారా దక్కేది 5 కోట్లు. మొదటిదానికి ప్రతి పైసా మీద అదుపు అవసరం. రెండవదానికి అంతటి అదుపు లేకపోయినా నష్టం లేదు. కఠినమైన అదుపు కోరుకుంటున్నామంటే అసలు మనం ఎంచుకున్న పని విలువే అంతంతమాత్రమేమో ఆలోచించుకోవాలని ఆయన అభిప్రాయం. తాను రాసినది సరిపోదని తానే ఒప్పుకోవడానికి ఎంతో నిజాయితీ కావాలి.

2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ 11 దేశాలలో 20,000 మందిని ప్రశ్నించింది. తాము బాగానే పనిచేస్తున్నామని ఉద్యోగుల్లో 87 శాతం మంది చెప్పారు. కొంత ఇంటి నుంచి, కొంత ఆఫీసు నుంచి పనిచేసే విధానం వచ్చాక తమవారు పనిచేస్తున్నారన్న నమ్మకం కుదరడం కష్టంగా ఉందని నాయకత్వ స్థానాల్లోని 85 శాతం మంది చెప్పారు. చుక్కలు, గంటలు, గడులు ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలోనే పుట్టుకొస్తున్నాయి. అయితే ఇదే సంస్థ 2020లో ఒక్కొక్క ఉద్యోగి పేరుతో వినియోగపు లెక్కలు చూపే సదుపాయాన్ని తెచ్చి, నిఘా అంటూ విమర్శలు రాగా ఆ ఏడాది డిసెంబరులో పేర్లను తొలగించవలసి వచ్చింది.

ఎక్కడ గీత గీయాలి?

మా దృష్టిలో పనిని గమనించడం వేరు, మనిషిని కాపలా కాయడం వేరు. ‘ఈ పని ఎక్కడిదాకా వచ్చింది, దేని కోసం ఆగింది, ఎవరి సాయం కావాలి’ అన్నవి మొదటి కోవకు చెందిన ప్రశ్నలు. ‘నీవు ఇప్పుడు కుర్చీలో ఉన్నావా, ఇరవై నిమిషాలు ఎక్కడికి వెళ్లావు’ అన్నవి రెండవ కోవకు చెందినవి. మొదటివాటి వల్ల బృందమంతటికీ మేలు. రెండవవాటి వల్ల నటన పెరుగుతుంది.

ఏమి చేయాలి, ఎందుకు చేయాలి, ఎప్పటికి కావాలి అన్న మూడింటినీ సంస్థ స్పష్టంగా చెప్పాలి. ఎలా చేయాలన్నది చేసేవారికి వదలాలి. చాలా చోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. ఎందుకన్నది ఎవరూ చెప్పరు, ఎలా అన్నది మాత్రం గంటగంటకూ చెబుతారు.

అనుభవాన్ని బట్టి స్వేచ్ఛ మోతాదు మారాలి. నిన్నగాక మొన్న చేరిన కుర్రవాణ్ణి రోజుకు రెండు సార్లు పలకరించడం అతనికి అండ. పదేళ్ల అనుభవం ఉన్నవారిని అలాగే పలకరిస్తే అది అవమానం. మనిషికి లోపలి నుంచి ఉత్సాహం కలగాలంటే తన పని మీద తనకు కొంత అధికారం, తాను సమర్థుడనన్న భావన, తోటివారితో అనుబంధం అవసరమని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు తమ సిద్ధాంతంలో వివరించారు. ఆ కుర్రవాడికి అధికారం దక్కింది, మిగిలిన రెండూ దక్కలేదు. ఈ అమ్మాయికి సామర్థ్యం ఉంది, అధికారం లేదు.

లీడుగా ఉన్న మన సోదర సోదరీమణుల కోసం కొన్ని ఆచరణీయమైన మాటలు చెప్పదలిచాం.

ఒక సంగతిని ఒక్కచోటే రాయించండి. బోర్డు మీద ఉన్నదాన్ని మళ్లీ మెయిలులో అడగకండి. ఏదైనా గడిని నెల రోజులుగా ఎవరూ చదవలేదని తేలితే దానిని తీసివేయండి.

టిక్కెట్టు మరీ పెద్దదైతే చిక్కు దాగిపోతుంది, మరీ చిన్నదైతే ఊపిరి ఆడదు. రెండు మూడు రోజుల్లో ముగిసే ముక్క సామాన్యంగా సరిపోతుంది. అంతు తెలియని లోపాల విషయంలో ‘పరిష్కారం’ అని కాక ‘పరిశీలన’ అని టిక్కెట్టు రాసి, దానికి ఒక గడువు పెట్టండి. గడువు నాటికి పరిష్కారం దొరకకపోయినా ఏమి తెలుసుకున్నారో చెబితే చాలు. ఆలోచన కూడా బోర్డు మీద పనిగా కనిపిస్తుంది.

అంచనాను వాగ్దానంగా పట్టుకోకండి. ‘మూడు రోజులు పట్టవచ్చు’ అన్న మాటను ‘మూడు రోజుల్లో ఇస్తానన్నావు’ అని తిప్పి కొడితే, ఇక నుంచి ప్రతివారూ మూడును ఆరు చేసి చెబుతారు. చెడ్డ వార్తను తొందరగా తెచ్చినవారికి కృతజ్ఞత చెప్పండి. చిక్కుకున్న సంగతిని నాలుగో రోజునే చెప్పగల ధైర్యం బృందంలో ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకొనే దుస్థితి రాదు.

కొలవక తప్పకపోతే బృందాన్ని కొలవండి, వ్యక్తిని కాదు. 2018లో నికోల్ ఫోర్స్‌గ్రెన్, మరి ఇద్దరు కలిసి రాసిన ‘యాక్సిలరేట్’ అనే గ్రంథం ఇందుకు నాలుగు కొలతలు చూపింది. మార్పులు ఎంత తరచుగా వాడుకరులకు చేరుతున్నాయి, కోడు రాసినది మొదలు చేరేదాకా ఎంత సమయం పడుతోంది, చేరినవాటిలో ఎన్ని బెడిసికొడుతున్నాయి, బెడిసికొట్టినప్పుడు ఎంత త్వరగా సరిదిద్దుతున్నారు. మొదటి రెండూ వేగాన్ని చెబుతాయి, చివరి రెండూ నాణ్యతను చెబుతాయి. ఒకదాని కోసం మరొకదాన్ని బలిపెడితే వెంటనే బయటపడుతుంది.

చివరగా, ఎడతెగని సమయాన్ని కాపాడండి. రోజును గంటల ముక్కలుగా చూసే మేనేజరు వేరు, పూట మొత్తం ఒకే పనిలో మునగవలసిన తయారీదారు వేరు అని పాల్ గ్రాహమ్ 2009లో ఒక వ్యాసంలో విడమరచి చెప్పారు. పూట నడుమన పెట్టిన అరగంట సమావేశం అరగంటను మాత్రమే తినదు, ఆ పూటనే తింటుంది. శుక్రవారం జుమా వేళను క్యాలెండరులో ముందుగానే గుర్తుపెట్టి, దానికి బదులు ఎప్పుడు కూర్చుంటారో తెలియజేసే యువకులు మాకు తెలుసు. అడిగి అనుమతి పొందే పరిస్థితి కంటే, చెప్పి మాట నిలుపుకొనే పరిస్థితి ఇరుపక్షాలకూ గౌరవప్రదం.

ఉద్యోగుల వైపు కూడా ఒక బాధ్యత ఉంది. జీతం తీసుకున్న సమయం మన చేతిలో ఉన్న అమానతు. స్వేచ్ఛ కోరేవారు అడగకముందే చెప్పే అలవాటు చేసుకోవాలి. ‘అవుతోంది’ అన్న ఒక్క మాట వెనుక దాక్కోవడం లీడును చీకట్లో ఉంచడమే. నాలుగు వరుసల్లో ఉన్నది ఉన్నట్లు రాసి పంపితే నలభై ప్రశ్నలు తప్పుతాయి. నమ్మకాన్ని సాధారణంగా ఎవరూ అడిగిన వెంటనే చేతిలో పెట్టరు. చిన్న చిన్న మాటలు నిలుపుకుంటూ పోతే అదే పెరుగుతుంది.

దేగ్ దగ్గర చూసిన దృశ్యం

పెళ్లి నాడు ఇంటి వెనుక బిర్యానీ దమ్ మీద ఉంది. పెళ్లికొడుకు మేనమామ కంగారుతో పదేపదే వచ్చి, “మూత తీసి చూడండి, ఉడికిందా?” అని బావర్చీని తొందర చేయసాగారు. బావర్చీ మూత తీయలేదు. అంచుల నుంచి వస్తున్న ఆవిరిని చూశాడు, ఒకసారి వంగి వాసన పట్టాడు, కింద నిప్పులు కొన్ని లాగించాడు. “మాటిమాటికీ తీస్తే దమ్ పోతుంది సాబ్. అసలే చూసుకోకపోతే అడుగంటుతుంది. ఎప్పుడు తీయాలో నాకు తెలుసు. మీరు వచ్చినవాళ్లను కూర్చోబెట్టండి” అన్నాడు. పక్కనే ఉన్న కోడలు పిల్ల మా వైపు చూసి నవ్వింది.

వెళ్లిన తరువాత ఆమె రాజీనామా పత్రానికి బదులు తన లీడుకు ఒక పేజీ లేఖ రాసింది. ఫిర్యాదు లేదు, వేడుకోలు లేదు. తాను ఒకే సంగతిని ఎన్ని చోట్ల రాస్తున్నదో వరుసగా చూపింది. పాత లోపం గురించి తనకున్న అనుమానాన్ని వివరించింది. దానికి మూడు రోజుల పరిశీలన టిక్కెట్టు ఇవ్వమని, ప్రతి సాయంత్రం తెలిసినంత మేర రాస్తానని అడిగింది. చిన్న టిక్కెట్లనే ఎంచుకుంటూ వచ్చానన్న నిజాన్ని కూడా దాచలేదు. ఆ వాక్యం రాయడానికే ఎక్కువ సమయం పట్టిందని మాకు ఫోనులో చెప్పింది.

లీడు రెండు స్ప్రింటుల పాటు, అంటే నాలుగు వారాల పాటు ప్రయత్నించి చూద్దామన్నాడట. రోజువారీ మెయిలు ఆగిపోయింది. టైమ్‌షీటు బిల్లుకు సంబంధించినది కనుక కొనసాగుతోంది. పచ్చ చుక్క విషయం తన చేతిలో లేదని, అయితే తాను మాత్రం దానిని చూడనని ఆయన మాట ఇచ్చాడట. ఆ పాత లోపానికి మూలం ఇంకా పూర్తిగా దొరకలేదు. ఎక్కడ లేదో మాత్రం మూడు రోజుల్లో తేలిందని, ఆ లీడే మరో రెండు రోజులు ఇచ్చాడని ఆమె గొంతులో సంతోషం వినిపించింది. రాజీనామా సంగతిని ఆ నాలుగు వారాలూ గడిచాక ఆలోచిస్తానన్నది. భర్తతోనూ మాట్లాడిందట.

అన్ని చోట్లా ఇటువంటి లీడు దొరకడని మాకు తెలుసు. నిజం రాసినందుకే నష్టపోయినవారూ ఉంటారు. అయినా మౌసు కదుపుతూ రోజులు వెళ్లదీయడం కంటే ఒకసారి నోరు తెరిచి చెప్పి చూడటమే మేలని మేము భావిస్తున్నాం.

తల్లిదండ్రులకూ ఒక మనవి. ఆఫీసులో రోజంతా లెక్కలు చెప్పి వచ్చిన బిడ్డను ఇంట్లో అడుగు పెట్టగానే మళ్లీ లెక్కలు అడగకండి. ఎన్ని గంటలు పని చేశావు, పదోన్నతి ఎప్పుడు, పక్కింటివారి అబ్బాయికి ఎంత వస్తోంది అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టండి. “ఈ రోజు నీకు నచ్చిన పని ఏమైనా దొరికిందా బేటా?” అని అడిగి చూడండి. సమాధానం వెంటనే రాకపోవచ్చు. అడిగినవారు తీరిగ్గా కూర్చున్నారని తెలిస్తే మాట దానంతట అదే వస్తుంది.